గుక్కెడు నీళ్ల చప్పుడు

మార్చి 3

కత్తెరకు,

వదిన రాసేది. నువ్వు క్షేమమని ఆఫీసువాళ్ల వల్ల తెలుస్తూనే ఉంది. నేను క్షేమమో కాదో నాకే తెలియక రాస్తున్నాను.

ఫోన్ ఎత్తడం లేదని అలిగావట, మీ అన్నయ్య చెప్పారు. అలక మాను. చూపులేని పిల్లల కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే ఈ ఉద్యోగం నాకు ఇప్పించిందే నువ్వు, ఇందులో మనిషి ఎంత అలిసిపోతుందో నీకు వేరే చెప్పాలా? పొద్దస్తమానం ఆ గదిలో మైకు ముందు చదివి ఇంటికొచ్చేసరికి నాలుక అంగిలికి అతుక్కుపోయి ఉంటోంది. ఉన్న నాలుగు మాటలూ ఆ చట్టాల పుస్తకానికే సరిపోతున్నాయి. ఏం పుస్తకమమ్మా అది, ఒక్కో వాక్యం ఆమడ పొడుగుంటుంది. చదివిందంతా మెమరీ కార్డులో ఎక్కించి వారం వారం మీ ఊరి ఆఫీసుకు పంపుతారు కదా, నువ్వు తప్పులూ దగ్గులూ కోసి బాగుచెయ్యడానికి. ఇకనుంచి ఆ పార్సిల్లోనే నా ఉత్తరమూ వస్తుంది. ఫోన్ సంగతి మరిచిపో.

అసలు సంగతి చెబుతాను. నోరు ఎండిపోతోంది. దాహం కాదిది. నీళ్లు తాగితే తాగినంతసేపే. పొడి బిస్కెట్టు నమిలితే పిండి పిండిగా నోట్లోనే తిరుగుతుంది గాని మింగుడు పడదు. కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది. పళ్ల డాక్టరమ్మ నోరు తెరిపించి, చిగుళ్ల మొదట్లో ఇన్ని పిప్పిపళ్లేమిటి, స్వీట్లు మానండి అంది. నేను స్వీటు ముట్టి ఎన్నాళ్లయిందో దేవుడికే తెలుసు. మా వీధి డాక్టరు ముందు వయసన్నాడు, తరవాత నిద్ర చాలడం లేదన్నాడు, చివరికి దిగులన్నాడు.

మీ అన్నయ్య వైద్యం వేరు. నువ్వు బాగుచేసి పంపిన అధ్యాయం పెట్టి, విను, గంట కొట్టినట్టుంది, నోరెండినవాళ్ల గొంతు ఇలా ఉంటుందా అంటారు. విన్నాను. నిజంగానే గంట కొట్టినట్టుంది. నేను నీళ్లు తాగిన చోట్ల నువ్వు కోసేస్తావని తెలుసు, అది మీ ఆఫీసు రూలు. కాని మాట మధ్యలో నాలుక అంటుకుని టక్కుమంటుందే, అది కత్తెరకు దొరికేది కాదు కదా. అదీ ఎక్కడా వినబడలేదు. అంటే అంతా నా భ్రమేనా?

నా గొంతు నీకు తెలిసినంతగా నాకు కూడా తెలియదు. నీకేమైనా తేడా వినబడుతోందా? ఉందంటే ఆ డాక్టరు ముందు గట్టిగా కూర్చుంటాను. లేదంటే ఈ గొడవ వదిలేసి చదువుకుంటాను.

ఎండిన నోటితో, తడి మనసుతో,
వదిన

మార్చి 11

వదినకు,

ఆడపడుచు అర్ధమొగుడంటారు, ఆ హోదాలో రాస్తున్నాను కాబట్టి శ్రద్ధగా చదువు.

నీ గొంతుకేం? మొన్న మా ఆఫీసరమ్మ నీ అధ్యాయం విని, ఈవిడ చదివితే చట్టం కూడా కథలా ఉంటుందంది. నాకేమీ తేడా వినబడలేదు. నా నోట్లో నువ్వు గింజ నానదని నువ్వే కదా అందరికీ చెప్పేది, ఏదైనా ఉంటే నీకు చెప్పకుండా ఉంటానా?

కాని డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్లు. ఆ దిగులు డాక్టరు దగ్గరికి కాదు, నోటి జబ్బులు చూసేవాళ్ల దగ్గరికి. గొంతు బాగున్నంత మాత్రాన నోరు బాగున్నట్టు కాదు. ఈ నెలలోనే వెళ్లు.

నా కుడి మణికట్టు వాచింది. పొద్దున్నించి మౌసు పట్టుకుని కూర్చునే పని కదా. వేడినీళ్ల కాపడం పెడితే కాస్త నయంగా ఉంటుంది, మళ్లీ కూర్చుంటే మామూలే. ఇంట్లో గిన్నెలు కడగడం మా ఆయన వంతయింది. ఆయన కడిగితే నురగ కూడా గిన్నెతోపాటు అలమారలోకి వెళుతోంది.

చెప్పినమాట వినే వదిన కోసం ఎదురుచూస్తూ,
కత్తెర

ఏప్రిల్ 2

కత్తెరకు,

నీ మాట విన్నాను. విన్నందుకు ఏం దొరికిందో చూడు.

నోటి డాక్టరమ్మ మంచిదే. నాలుక మీద అద్దం పెడితే అద్దం అతుక్కుపోయింది, అది చూసి ఆవిడ నవ్వలేదు. ఒంటికి కాపలా కాయాల్సిన బలగమే తిరగబడి, ఉమ్మినీ కన్నీళ్లనీ ఊరించే గ్రంథుల మీద పడి పాడుచేసే జబ్బు ఒకటుందట. కంచే చేను మేసినట్టన్నమాట. అదే అయి ఉంటుందని ఆవిడ అనుమానం. రక్తం పరీక్ష అటూ కాకుండా ఇటూ కాకుండా వచ్చింది. కాబట్టి కింది పెదవి లోపలివైపు చిన్న గాటు పెట్టి, అక్కడుండే గింజంత గ్రంథులు తీసి చూస్తామంది.

గాటుకు భయపడే మనిషిని కాను, నీకు తెలుసు. కాని పెదవి తిమ్మిరెక్కుతుందా అని అడిగాను. చాలామందికి ఏమీ కాదు, కొందరికి కొన్నాళ్లుంటుంది, ఎక్కడో ఒకరికి ఉండిపోతుంది అంది. ఆ ఎక్కడో ఒకరు ఎప్పుడూ మన ఇంట్లోనే ఉంటారు. ప, ఫ, బ, భ, మ. పెదవి కదలనిదే ఒక్కటీ పలకదు. చట్టాల పుస్తకంలో ప్రతివాది, బాధ్యత, పరిహారం, మినహాయింపు. పెదవి మొద్దుబారితే నేను చదివేదేమిటి? నోరెండినా చదవొచ్చు, పెదవి పోతే లేదు. వద్దన్నాను. అయితే ఏ జబ్బో రాసివ్వలేను, మందూ మొదలుపెట్టలేను అందావిడ.

మీ అన్నయ్యకు ఇది బాగా కలిసొచ్చింది. చూశావా, రక్తంలో కూడా ఏమీ లేదు అంటున్నారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. నేను అన్నం పళ్లెం ముందు నీళ్ల చెంబుతో కూర్చుంటే, పేపరు అడ్డం పెట్టుకుంటున్నారు.

ఒకటి అడుగుతాను, తిన్నగా చెప్పు. నీ గొంతుకేం అన్నావు, ఆ వెంటనే ఈ నెలలోనే డాక్టరు దగ్గరికి వెళ్లమన్నావు. ఏమీ వినబడని మనిషికి అంత తొందరేమిటి? మీ ఆఫీసులో నా బదులు ఎవరినైనా చూస్తున్నారా? చూస్తుంటే చెప్పు. ఈ పుస్తకం పూర్తిచేసి నేనే తప్పుకుంటాను.

ఇంకా రెండు పెదవులూ ఉన్న
వదిన

ఏప్రిల్ 9

వదినకు,

ఎవరినీ చూడటం లేదు. నీ బుర్ర ఎక్కడెక్కడికో పోతోంది. నీ బదులు ఎవరో వస్తే ఆ కొత్త గొంతు అలవాటయ్యేదాకా నా ప్రాణం పోతుంది.

అన్నయ్యకు ఫోన్ చేసి చడామడా తిట్టాను. ఆయనేమన్నారో తెలుసా? నాతో పోట్లాడతావేం, ఆ రికార్డులు చేసేది నువ్వే కదా, ఏదీ, లోపముంటే చూపించు అన్నారు. ఫోన్ పెట్టేశాను.

పెదవి కొయ్యకుండా చూసే దారి లేదా అని ఆ డాక్టరమ్మను అడుగు. మా పక్క సీటామె చెల్లెలికి చెంపలు వాస్తే ఎమ్మారై తీసి చూశారట, గ్రంథులు లోపలిదాకా కనబడ్డాయట. నీకది పనికొస్తుందో లేదో నాకు తెలియదు, అడిగితే పోయేదేముంది?

చెయ్యి ఇక లేవనంటోంది. సెలవు పెట్టాను. నా పని వేరే ఆమె చూస్తుంది. నీ అధ్యాయం మాత్రం నేను తిరిగొచ్చేదాకా ముట్టవద్దని చెప్పి వచ్చాను.

కట్టు కట్టిన చేత్తో,
కత్తెర

ఏప్రిల్ 28

ఆడపడుచుకు,

నీ బదులు కూర్చున్నామె నీ మాట మరిచిపోయిందో ఏమో, నా అధ్యాయం ఉన్నది ఉన్నట్టుగా బయటికి పంపేసింది. సరిచూడమని నాకొక కాపీ వచ్చింది. మధ్యాహ్నం హాల్లో పెట్టాం.

ప్రతి మాటకూ టక్కు. నాలుక పీకుతున్న చప్పుడు, పెదవి అంటుకుని ఊడుతున్న చప్పుడు. గ్లాసు, గుక్క, గ్లాసు, గుక్క. మీ అన్నయ్య పేపరు దించి కాసేపు విని, 'ఇదెవరు చదివారు?' అని అడిగారు.

ముప్ఫై ఏళ్ల కాపురం. ఇదెవరు చదివారు అని అడిగారు.

ఆఫీసుకు ఫోన్ చేశాను. పాత అధ్యాయాల్లో అవన్నీ మాట మాటకూ చేత్తో తీసేసిన గుర్తులున్నాయని నీ బదులు కూర్చున్నామే చెప్పింది. ఇంత ఓపిక ఎక్కడినుంచి వచ్చింది మీ ఆడపడుచుకు అని మెచ్చుకుంది కూడా. మాట మధ్యలోది కత్తెరకు దొరకదని నేననుకున్నాను. నీకు దొరుకుతుందన్నమాట.

డాక్టరు దిగులన్నప్పుడు నమ్మాను. మీ అన్నయ్య నాటకమన్నంత పని చేస్తే అదీ నమ్మాను. ఎందుకు నమ్మాను? నా గొంతే సాక్ష్యం చెబుతోంది కాబట్టి. ఆ సాక్షిని తయారుచేసింది నువ్వు. దాచకుండా చెప్పమని అడిగితే, నువ్వు గింజ నానదన్నావు. నీ నోట్లో ఇన్నాళ్లూ ఇంత సంగతి ఎలా నానింది?

ఇంతే.

మే 4

వదినకు,

తిట్టు. ఆ ఉత్తరం తక్కువే, ఇంకా రాయి.

నీ మేలు కోసమే అని రాయబోయి కొట్టేశాను. మొదట ఒకటి రెండు వచ్చాయి, కోశాను, అందరికీ వస్తాయి. తరవాత పేజీకి పది. అప్పుడే చెప్పాల్సింది. ఈలోగా మా ఆఫీసులో నోటి చప్పుళ్లున్న ఇద్దరు చదువరులను తీసేశారు. నిన్నూ తీసేస్తారని భయపడ్డాను. కొత్త మిషను వచ్చింది, మాట మధ్యలో కూడా చప్పుడును ఇంత సన్నగా పట్టి తుడిచెయ్యొచ్చు. తుడిచాను. నీ పుస్తకం పూర్తిచేసి కుర్చీలోంచి లేస్తుంటే, పొయ్యి దగ్గర నీకు చెయ్యి సాయం చేసి వచ్చినట్టుండేది. చెయ్యి వాచిందీ అందుకే. నీకు చెబితే నువ్వు మైకు వదిలేస్తావని తెలుసు. చెప్పకపోతే జబ్బు వదలదని తెలియలేదు. అంత తెలివి ఉంటే ఇలా ఎందుకుంటాను?

అన్నయ్య నిన్ను నమ్మడం లేదని నువ్వు రాసినప్పుడైనా నోరు తెరవాల్సింది. తెరిస్తే ఇన్నాళ్లూ ఏం చేశావని అడుగుతావు. రోజులు గడిచేకొద్దీ ఆ ప్రశ్న పెద్దదైపోయింది.

నువ్వు చదివినవి చదివినట్టుగా అన్నీ నా దగ్గర ఉన్నాయి. మేం పారెయ్యం. ఈ పార్సిల్లో పెట్టాను. అన్నయ్యకు వినిపించు, డాక్టరుకు వినిపించు. నా మీద కోపం తరవాత, ముందు నీ నోటి సంగతి చూడు.

కోసుకున్నది నా చెయ్యే అనుకుంటూ,
మీ ఆడపడుచు

మే 20

ఆడపడుచుకు,

నీ కార్డు అందింది. నా కోపం ఎక్కడికీ పోలేదు, పక్కన కూర్చోబెట్టి రాస్తున్నాను.

నోటి డాక్టరమ్మ చెవులకు తగిలించుకుని ఒక పేజీ విన్నది. తీసి టేబుల్ మీద పెట్టి, మీరింతకాలం ఎలా చదివారమ్మా అని అడిగింది. ఎవరైనా అలా అడిగి ఎన్నాళ్లయిందో. ఏడుద్దామన్నా కళ్లు మండాయి గాని చుక్క రాలేదు. పెదవి కొయ్యకుండా దారి లేదా అన్నాను. ఎమ్మారై తీద్దాం, అందులో స్పష్టంగా కనబడితే కంటి పరీక్షతో కలిపి తేల్చుకోవచ్చు, కనబడకపోతే పెదవి తప్పదు అంది. అంటే నా ప, బ, మలన్నీ ఆ ఫొటో చేతిలో ఉన్నాయన్నమాట.

చెవి కమ్మలు, పిన్నులు, గడియారం అన్నీ తీసేయించారు. ఒంట్లో ఇనుమేమైనా ఉందా అని రెండుసార్లు అడిగారు. ఇల్లు నడిపిన ఆడదాని ఒంట్లో ఇంకేముంటుంది అన్నాను, ఆ ఫొటో తీసే అమ్మాయి నవ్వకుండా పంటి తొడుగు సంగతి అడిగింది. సన్నటి గొట్టంలోకి పడుకోబెట్టి తోసేశారు. చెవుల్లో దూది. ఇక మొదలైంది చప్పుడు. డబ్బా మీద సుత్తి, తరవాత రంపం, తరవాత పాడైపోయిన హారను. వీటిని నువ్వెలా కోస్తావో చూద్దామనిపించింది, కోపంలో కూడా.

చప్పుడు అవుతున్నంతసేపూ మింగకూడదు, మింగితే బొమ్మ చెదురుతుంది అందా అమ్మాయి. వాక్యం అయ్యేదాకా గుటక వెయ్యకుండా ఉండటమే కదా నా బతుకు. చట్టాల పుస్తకంలో పొడుగాటి వాక్యాలు మనసులో చదువుకున్నాను. ఒక్కో వాక్యం పూర్తయ్యేసరికి చప్పుడు ఆగేది. తరవాత బయటికి లాగి నాలుక మీద నాలుగు చుక్కల నిమ్మరసం వేసి, మళ్లీ తోశారు. ఆ పులుపు పడితే ఎవరికైనా నోరూరుతుందట, గ్రంథుల్లో కాలువలు నిండి బొమ్మలో తెల్లగా కనబడతాయట. నాకు నాలుక మండింది, అంతే.

ఎలా వచ్చిందని అడిగితే, బొమ్మ చాలా బాగా వచ్చిందండీ, ఎవరూ ఇంత కదలకుండా ఉండరు అంది. ఒక్క క్షణం పరీక్ష పాసైనట్టు సంబరపడ్డాను. బొమ్మ బాగుండటమూ నా గ్రంథి బాగుండటమూ ఒకటి కాదని బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే తెలిసింది.

ఆ బొమ్మను నోటి డాక్టరమ్మ తెర మీద చూపించింది. చెవి కింద, దవడ పక్కన. మామూలు గ్రంథి బూడిదరంగులో నునుపుగా ఉంటుందట, మధ్యలో కాలువ కొమ్మలా. నాదేమో ఎవరో ఉప్పూ మిరియాలూ కలిపి చల్లినట్టుంది. రెండు వైపులా అంతే. చాలాచోట్ల గ్రంథి పోయి కొవ్వు మిగిలింది. నిమ్మరసం ముందు బొమ్మ, తరవాత బొమ్మ పక్కపక్కన పెడితే తేడా లేదు. మీ అన్నయ్య కళ్లద్దాలు పెట్టుకుని తెర దగ్గరగా వెళ్లి చాలాసేపు చూశారు. ఇంటికొచ్చాక నా చెంబు కడిగి నీళ్లు పట్టి మంచం పక్కన పెట్టారు. ఇంత బొమ్మ చూపిస్తే గాని ఆ చెంబు రాలేదు.

కంటి పరీక్ష ఇంకా ఉంది. ఎప్పటినుంచి ఇలా ఉందని అడుగుతోంది డాక్టరమ్మ. నాకు తెలియదు, నేను నా భ్రమనుకున్నాను కదా. మా ఆడపడుచును అడిగి చెబుతానన్నాను. వెతికి రాయి.

వదిన

జూన్ 1

వదినకు,

ఎడమ చేత్తో మౌసు పట్టుకుని అన్నీ వెనక్కి విన్నాను. దొరికింది.

అన్నయ్య కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్న ఆ చలికాలం. పొద్దున ఆసుపత్రి, మధ్యాహ్నం స్టూడియో. అప్పుడు నువ్వు చదివింది పిల్లల పుస్తకం, వానకు ఎదురుచూసే కప్ప కథ. కప్ప అమ్మతో మాట్లాడేచోట ఒక్క టక్కు. దానికి ముందు ఎక్కడా లేదు, దాని తరవాత లేని పేజీ లేదు. ఆ రోజు దాన్ని కోసి టీకి వెళ్లినట్టు కూడా గుర్తుంది.

డాక్టరుకు ఆ చలికాలమని చెప్పు. దానికి ముందు పేజీ నీకు పంపుతున్నాను, నేను వేలు పెట్టనిది. నీ నోరు అప్పుడెలా ఉండేదో విను.

మా ఆఫీసరమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. నీ ఉద్యోగం ఏమవుతుందో, నాది ఏమవుతుందో తెలియదు. దాచే ఓపిక మాత్రం అయిపోయింది.

కత్తెర అని రాయడానికి చెయ్యి రాక,
నీ ఆడపడుచు

జూన్ 19

కత్తెరకు,

కన్ను కూడా ఎండే ఉందట, కాగితం ముక్క పెడితే తడవలేదు. బొమ్మ, కన్ను, కప్ప కథ, అన్నీ కలిపి చూసి ఇక అనుమానం లేదంది డాక్టరమ్మ. పెదవి కొయ్యరు. ఇంట్లోకి రాగానే మీ అన్నయ్య ముందు ప ఫ బ భ మ అని గట్టిగా చదివాను. పిచ్చెక్కిందనుకున్నారు.

తగ్గే జబ్బు కాదట, కనిపెట్టుకుని ఉండే జబ్బట. మిగిలిన కాస్త గ్రంథినీ పిండే మాత్ర ఇచ్చింది, వేసుకుంటే చెమటలు. నోటికి జెల్లు, కంటికి చుక్కలు, చెంప వాస్తే వెంటనే రమ్మంది. కీళ్ల డాక్టరు దగ్గరికి పంపింది, అక్కడ ఇంకో వరస పరీక్షలు. అలిసిపోయాను. ఇన్నాళ్లూ జబ్బుందని ఒప్పించడానికి తిరిగాను, ఇప్పుడు ఉన్నందుకు తిరుగుతున్నాను.

కప్ప పేజీ విన్నాను. ఒక్కదాన్నే కూర్చుని విన్నాను. ఎంత నున్నగా జారిపోతోంది మాట. ఆ మనిషికి తన నోట్లో ఏముందో తెలియదు పాపం. రెండోసారి పెట్టలేదు.

మీ ఆఫీసరమ్మ నాకు రాసింది. నన్ను తీసెయ్యనంది, ఒక్కపూట పని ఇస్తానంది, నీకూ చీవాట్లతో సరిపెట్టానంది. ఆ ఉత్తరంతోపాటు ఇంకొకటి పంపింది. మన రికార్డులు విని చదువుకునే పిల్ల ఒకతి రాసిన ఉత్తరం, లా రెండో ఏడు. నీ బదులు కూర్చున్నామె పొరపాటున పంపిన అధ్యాయం ఆ పిల్లకూ చేరింది. ఫిర్యాదేమో అనుకుని చాలాసేపు విప్పలేదు. ఆ పిల్ల ఏం రాసిందో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: 'ఈ అధ్యాయం ఒక్కటే నాకు పూర్తిగా నోట్సు అయింది. మేడం గ్లాసెత్తిన చప్పుడు రాగానే నేను బ్రెయిలు చుక్కల్లో రాసుకునేదాన్ని, ఆవిడ గుక్క వేసి మొదలుపెట్టేసరికి నాదీ అయిపోయేది. మిగతా అధ్యాయాల్లో ఆవిడ నీళ్లెందుకు తాగలేదు?'

ఏం చెప్పమంటావు ఆ పిల్లకి? మా ఆడపడుచు తాగనివ్వలేదని రాయనా?

నీ మీద కోపం ఉంది. ఇంకొన్నాళ్లుంటుంది, దాన్ని తొందరపెట్టకు. కాని మీ ఆఫీసరమ్మకు నేనే రాశాను. నీళ్లు తాగినచోట కొయ్యొద్దని, రూలుంటే మార్చుకోమని. నాలుక చప్పుళ్లు నీ ఇష్టం, చెయ్యి బాగున్న రోజున తియ్యి, లేని రోజున ఉండనీ.

ఈ పార్సిల్లో కొత్త అధ్యాయం ఉంది. రెండో పేజీలోనే గ్లాసెత్తాను. అక్కడ నువ్వు కూడా ఆ చెయ్యి కాసేపు ఒళ్లో పెట్టుకుని కూర్చో.

వదిన